రెండు నిమిషాలకే ఆయాసమా? ముందు వేగం తగ్గించండి

సమస్య: విశాఖ ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర మొదలెట్టిన పరుగు అక్కడి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా కూడా సాగడం లేదు. రెండు నిమిషాలకే ఆయాసం, తొడల్లో మంట.

కారణం: కండరంలో సిద్ధంగా ఉండి వెంటనే శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థం గట్టిగా పది సెకన్లు వస్తుంది. ఆ తర్వాత ఆక్సిజన్ అక్కర్లేని దారిలో గ్లైకోజెన్ (కండరంలో దాచుకున్న చక్కెర నిల్వ) కరుగుతుంది. ఆక్సిజన్‌తో నడిచే వ్యవస్థ పూర్తిగా అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు కావాలి. అలవాటు లేని ఒంటికి ఇంకా ఆలస్యం. మొదటి అడుగు నుంచే దూకుడుగా వెళ్తే ఈ లోటంతా ఒక్కసారే మీద పడుతుంది. గ్లైకోజెన్ ఇలా కరిగినప్పుడు పుట్టే లాక్టేట్ వల్లే మంట అని చాలామంది దాన్ని తిట్టుకుంటారు గానీ, పాపం, దాన్ని గుండె కూడా ఇంధనంగా వాడుకుంటుంది.

పరిష్కారం: పది నిమిషాలు నడిచాకే పరుగు. అదీ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా, వారానికి నాలుగు రోజులు. దాటిపోయేవాళ్లను పోనివ్వండి. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన సలహా లేదు, ఎందుకంటే ఒంట్లో మార్పులు దేని టైమ్ ప్రకారం అవి వస్తాయి. రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, మొదటి రెండు వారాల్లోనే పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది. కణాల్లో ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, కండరానికి రక్తం అందించే సన్నని కేశనాళికలు పెరగడానికి మాత్రం వారాలు పడుతుంది. 1967లో జాన్ హలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను వారాల తరబడి పరిగెత్తిస్తే, వాటి కండరాల్లో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం సుమారు రెట్టింపైంది. మూడో వారంలో విసుగొచ్చి మానేస్తే అసలు లాభం చేతికి రాదు.

ఛాతీలో బరువు, కళ్లు తిరగడం ఉంటే మాత్రం పరుగు ఆపి డాక్టర్‌కు చూపించుకోండి.

సమస్య: చదును రోడ్డు మీద బాగానే ఉంది, కైలాసగిరి ఎక్కుతుంటే కాళ్లు పట్టేస్తున్నాయి.

నెమ్మది పరుగు ఒక్కటే చేస్తే వేగంగా శక్తినిచ్చే దారులకు పని తగలదు. వారానికి ఒకరోజు అర నిమిషం గట్టిగా ఎక్కండి, రెండు మూడు నిమిషాలు మెల్లగా దిగండి. ఆ విరామంలోనే ఫాస్ఫోక్రియేటిన్ చాలావరకు తిరిగి నిండుతుంది. నాలుగైదు సార్లు చాలు.

సమస్య: మే నెలలో అదే వేగానికి గుండె దడదడలాడుతోంది.

మన ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అందుకే గుండె వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. వేగం తగ్గించండి, ఒకటి రెండు వారాల్లో ఒళ్లు అలవాటు పడుతుంది.

సమస్య: సింహాచలం గిరి ప్రదక్షిణలో సగం దాటాక అడుగు పడటం లేదు.

32 కిలోమీటర్లు, పైగా ఉపవాసం. గ్లైకోజెన్ అడుగంటుతుంది. రెండు నెలల ముందు నుంచే వారానికొక దూరపు నడక పెట్టుకుంటే కండరం కొవ్వును ఎక్కువగా వాడుకుని గ్లైకోజెన్‌ను పొదుపు చేస్తుంది. ఉపవాసమున్నా పళ్లు తినొచ్చనుకునేవాళ్లు దారిలో గంటకో అరటిపండు తినండి, నీరసం వచ్చేదాకా ఎదురుచూడకండి.