వరసగా తప్పే దెబ్బలు: డీ20 లెక్కను వీడియో గేమ్‌కి సర్దిన పద్ధతి

డీ20 అంటే ఇరవై ముఖాల పాచిక. దాని మీద పడ్డ అంకెకు దాడి బోనస్ కలిపితే ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ (రక్షణ అంకె)కు సమానం గానీ ఎక్కువ గానీ కావాలి, అప్పుడే దెబ్బ తగులుతుంది. బోనస్ +5, ఆర్మర్ క్లాస్ 15 అయితే పాచిక మీద 10 గానీ అంతకు మించి గానీ పడాలి. అంటే 55 శాతం. నాలుగు దెబ్బలు వరసగా తప్పే అవకాశం సుమారు 4.1 శాతం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలో అది అరుదు, పైగా ఆట నడిపేవారు దాన్ని కథలో కలిపేస్తారు. గంటకు వందల పాచికలు పడే వీడియో గేమ్‌లో మాత్రం ఆటగాడికి అది బగ్‌లాగే కనిపిస్తుంది.

తప్పిన ప్రతిసారీ తర్వాతి దాడికి +2 కలిపాను, తగలగానే సున్నా. నాలుగూ తప్పడం 0.6 శాతానికి పడిపోయింది. కానీ సగటున తగిలే రేటు 60.5 శాతానికి పెరుగుతుంది. అందుకే శత్రువుల హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) 10 శాతం పెంచాలి. లేకపోతే పోరు చప్పబడుతుంది.

క్రిటికల్‌ను (20 పడితే తగిలే పెద్ద దెబ్బను) బోనస్ కలిపిన మొత్తంతో కాదు, పాచిక మీద పడ్డ అంకెతోనే చూడండి. నేను మొదట పొరబడింది ఇక్కడే: 18కి +2 కలిసి క్రిటికల్ అయిపోయేది. తప్పిన దెబ్బలు లెక్కించే కౌంటర్‌ను దాడి చేసేవాడికే కట్టండి, పోరు ముగియగానే చెరిపేయండి, సేవ్ ఫైల్లో రాయండి. శత్రువులకు ఈ సాయం వద్దు. కలిపిన +2ని పోరు లాగ్‌లో చూపించండి. దాచడం నాకు సమ్మతం కాదు.