ఏం బావుందో చెప్పండి

ఎవరినైనా మెచ్చుకునేటప్పుడు "బావుందండి" అని ఊరుకోకండి. ఏం బావుందో చెప్పాలి. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆవిణ్ణి చూడండి. బోర్లించిన కుండ కింద మంట, ముఖానికి సెగ. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగి, రేకు చిరక్కుండా తీస్తారు. "రేకు అవతల మీ చెయ్యి కనిపిస్తోందండి, ఇంత పల్చగా ఎలా తీస్తారండీ?" అనండి. చెప్పేది నిలబడి వినండి, అదే అసలు మెప్పు. 2023లో ఈ పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ప్రభుత్వమిచ్చే గుర్తింపు, వచ్చింది. ఆవిడ పనితనం మాత్రం ఎదురుగా ఉన్న మనమే గుర్తించాలి.

బేరమాడే ముందు పొగడొద్దు, ధర తగ్గించమనడానికే అనుకుంటారు. డబ్బులిచ్చాక చెప్పండి.

ఇంట్లోవాళ్లనైతే నలుగురిలో మెచ్చుకోవాలి. పులస పులుసు పెట్టిన వదినతో, అన్నయ్య వినేలా, "ముక్క విరక్కుండా భలే దించావొదినా" అనండి.