సర్వర్‌ను రీబూట్ చేసే ముందు ‘డబ్ల్యూ’ కమాండ్‌తో తీసుకోవలసిన జాగ్రత్తలు

పలువురు కలిసి వాడుకునే లినక్స్ సర్వర్‌ను రీబూట్ చేయబోయే ముందు, అందులో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో, ఏ పనిలో ఉన్నారో ‘డబ్ల్యూ’ అనే ఒంటి అక్షరపు కమాండ్‌తో తప్పక చూడాలి.

మొదటి వరుసలోని యూజర్ల సంఖ్యను మనుషుల సంఖ్యగా భావించకూడదు; ఒకే వ్యక్తి మూడు టెర్మినళ్లలో లాగిన్ అయితే అది మూడుగానే లెక్కకు వస్తుంది. అక్కడే ఉండే 1, 5, 15 నిమిషాల లోడ్ సగటులను (నడుస్తున్న లేదా వంతు కోసం ఎదురుచూస్తున్న పనుల సగటు సంఖ్యను) ప్రాసెసర్ కోర్ల సంఖ్యతో పోల్చుకోవాలి.

ఎక్కువగా పొరపాటు పడేది ‘ఐడిల్’ గడి దగ్గర. ఆ టెర్మినల్‌లో ఎంతసేపటి నుంచి ఏమీ టైప్ చేయలేదో మాత్రమే అది చెబుతుంది కనుక, రాత్రి డేటాబేస్ బ్యాకప్ మొదలుపెట్టి నిద్రపోయిన వ్యక్తి కూడా ఖాళీగా ఉన్నట్లే కనిపిస్తారు. ‘జేసీపీయూ’ (ఆ టెర్మినల్‌లోని పనులు వాడిన ప్రాసెసర్ సమయం), ‘వాట్’ (ప్రస్తుతం నడుస్తున్న కమాండ్) గడులు కూడా చదివిన తరువాతే నిర్ణయానికి రావాలి. ‘నోహప్’‌తో  (లాగౌట్ అయినా పని ఆగకుండా చేసే కమాండ్) నడవనిచ్చి లాగౌట్ అయినవారి పనులు ఈ జాబితాలో అసలు కనబడవు. వాటిని, నడుస్తున్న పనులను చూపే ‘పీఎస్’ కమాండ్‌తో వెతకాలి.

‘వాట్’ గడిలో కమాండ్‌తో పాటు దాని ఆర్గ్యుమెంట్లు (కమాండ్ వెంట ఇచ్చే వివరాలు) కూడా కనిపిస్తాయి. ఎవరైనా పాస్‌వర్డ్‌ను కమాండ్ వెంటే టైప్ చేసి ఉంటే (ఇది అంత అరుదేమీ కాదు) ఇతరులకు పంపే ఈ జాబితా స్క్రీన్‌షాట్‌లో అదీ బయటపడుతుంది.

చివరగా ‘వాల్’ కమాండ్‌తో అందరికీ సందేశం పంపి, ‘షట్‌డౌన్’‌కు కనీసం 10 నిమిషాల గడువు ఇవ్వాలి. ఎవరైనా ఆగమని కోరితే అదే ‘షట్‌డౌన్’ కమాండ్‌కు ‘మైనస్ సి’ జోడించి రీబూట్‌ను రద్దు చేయవచ్చు.