సంఘం కమిటీ మారిందా? రిజిస్ట్రార్ దగ్గర దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందంటే

మొన్న శ్రీకాకుళంలో జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయం బయట పలాస వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కలిశారు. ఊళ్లో లైబ్రరీ నడిపే సంఘానికి ఆయన కొత్త కార్యదర్శి. పాత కార్యదర్శి చనిపోయారు, బ్యాంకులో డబ్బు కదలడం లేదు. సంచిలోంచి తీర్మానాల పుస్తకం తీసి చూపించారు. పదకొండు సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో ఉన్నాయి. డబ్బులు తీసుకుని రాసిపెట్టింది ఒక ఏజెంటట. ఆ కాగితాలు వెనక్కి వచ్చేశాయి.

ఆంధ్రప్రదేశ్‌లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001లో వచ్చింది. కనీసం ఏడుగురు ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లోగా కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి అందాలి. చిన్న సంఘాలు చాలావరకు ఇది మర్చిపోతాయి.

దరఖాస్తుకి కావలసినవి తెలిసినవే: కవరింగ్ లెటర్, కొత్త కమిటీ జాబితా, ఆధార్ నకళ్లు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, నియమావళి కాపీ. జాబితాలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, ఇంటిపేరుతో సహా.

అసలు చిక్కంతా మినిట్స్ దగ్గరే, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసుకునే తీర్మానాల పుస్తకం దగ్గరే. కమిటీ వాళ్లు నలుగురు కూర్చుని రాసుకున్న తీర్మానం చాలదు, కమిటీని ఎన్నుకునేది సర్వసభ్య సమావేశం. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో, కోరం (సమావేశం చెల్లడానికి కనీసం రావలసిన సభ్యుల సంఖ్య) ఎంతో మీ నియమావళిలోనే ఉంటుంది, ముందు అది చదవండి. నోటీసు తేదీ, సమావేశం తేదీ, ఎంతమంది వచ్చారు, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు అన్నీ రాయాలి. దిగిపోయినవాళ్ల రాజీనామా లేఖ గానీ, చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం గానీ జతచేయాలి. వచ్చినవాళ్లు ఎవరి సంతకం వాళ్లే పెట్టాలి.

మనవైపు సభ్యుల్లో సగం మంది పనులకని చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. "అతనిది నేను పెట్టేస్తాలే" అని మాత్రం అనకండి, అది ఫోర్జరీ. రేపు సంఘంలో గొడవొస్తే వివాదం జిల్లా కోర్టుకి వెళ్లొచ్చు, అక్కడ ఈ పుస్తకమే సాక్ష్యం. సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారు కదా, సమావేశం అప్పుడు పెట్టుకోండి.

కొన్నేళ్లుగా జాబితాలు ఇవ్వలేదా? టెన్షన్ పడకండి, అలాగని పాత తేదీలు వేసి మినిట్స్ పుట్టించకండి. ఇప్పుడు సమావేశం పెట్టి, ఈరోజు తేదీతోనే రాసి, ఏ ఏళ్లవి ఇవ్వలేదో లేఖలో చెప్పి, ఇంకేం కావాలో కార్యాలయంలోనే అడగండి.

రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస వాళ్లకి ఒక మాట. 2022 ఏప్రిల్ 4న ఈ మండలాలు శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలో చేరాయి. మీ సంఘం పాత ఫైలు ఎక్కడుందో కనుక్కున్నాకే బయల్దేరండి.

కొత్తగా కోశాధికారి పదవి ఒప్పుకునేవాళ్లు పాస్‌బుక్, పాత లెక్కలు చూడకుండా జాబితాలో సంతకం పెట్టవద్దు. మొహమాటం అనిపించినా అడగండి, రేపు చెక్కు మీద ఉండేది మీ సంతకం.

కాగితాలు ఇచ్చాక రసీదు తీసుకోండి. పని పూర్తయ్యాక కొత్త జాబితాకి ధ్రువీకరించిన నకళ్లు రెండు అడగండి. ఒకటి బ్యాంకుకి, ఒకటి మీ బీరువాలోకి.