విశాఖ నుంచి ఇటలీ పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే విధానం

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీజీ ముగించి ఇటలీలో పరిశోధన చేయదలచినవారు ముందుగా చూడవలసినది ‘బాందో’, అంటే విశ్వవిద్యాలయం వెలువరించే ప్రవేశ ప్రకటన. అక్కడి విద్యా సంవత్సరం సాధారణంగా నవంబరు 1న మొదలవుతుంది కనుక ఈ ప్రకటనలు ఎక్కువగా వసంతం, వేసవి నెలల్లోనే వస్తాయి. గడువును ఇటలీ కాలమానంలో ఇస్తారు. వేసవిలో అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట అయితే మనకు సాయంత్రం నాలుగున్నర. చివరి రోజు దాకా ఆగేవారు ఈ లెక్క తప్పకూడదు.

అసలు శ్రమ పరిశోధన ప్రతిపాదనలో ఉంది. మూడేళ్లలో పూర్తయ్యే ఒకే ప్రశ్నను ఎంచుకుని, దానికి కావలసిన సమాచారం ఎక్కడ దొరుకుతుందో, ఆ విభాగంలో ఎవరి పనికి అది దగ్గరగా ఉందో స్పష్టంగా రాయాలి. బంగాళాఖాతపు తీరకోతపై పనిచేసిన విద్యార్థి, ఇటలీకి తూర్పున ఉన్న ఆడ్రియాటిక్ సముద్ర తీరాన్ని అధ్యయనం చేసే బృందానికి తన అనుభవం ఎలా పనికివస్తుందో చూపితే, మౌఖిక పరీక్షలో సంభాషణ దానంతటదే నడుస్తుంది. పొగడ్తలతో నిండిన ఉద్దేశ పత్రం నా దృష్టిలో వృథా.

ఉపకార వేతనం కనీసం ఏడాదికి 16,243 యూరోలని 2022లో నిర్ణయించారు. మిలాన్ అద్దెలకు అది బొటాబొటి. ఎంపికైతే డిగ్రీ పత్రాలకు రాష్ట్ర ధ్రువీకరణ, ఆపై విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) చేయించాలి. ఇటలీ చేరిన ఎనిమిది పనిదినాల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి.