పాత ఫియట్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి?

మా ఇంట్లో ఉన్నది ఫియట్ 1100 డిలైట్. ఇంజిన్ 1089 సీసీ, గేరు స్టీరింగు పక్కన, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. దాంట్లోనే పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లం. ఫిబ్రవరి వచ్చిందంటే దాన్నే షోలవరం తీసుకెళ్లి రేసుకు దింపేవాణ్ని. షోలవరం మద్రాసుకు ఉత్తరాన, మన ట్రంకు రోడ్డు మీదే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు అక్కడ రేసులు పెట్టేవారు. ట్రైలరు కొనే స్తోమత మాకెక్కడిది? బెజవాడ నుంచి నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు నడుపుకుంటూ వెళ్లి, స్టెప్నీ, వెనక సీటు, బంపర్లు విప్పి చెట్టు కింద పెట్టేవాళ్లం. రేసు అయ్యాక అన్నీ మళ్లీ బిగించుకుని అదే కారులో ఇంటికి. మామూలు రోడ్డు మీద పదేళ్లకు బయటపడే జబ్బు అక్కడ పది ల్యాపుల్లో బయటపడేది.

ఇక్కడ రాసేవన్నీ ఆ కారు నన్ను నిలబెట్టిన చోట్లే. పద్మిని ఉన్నవాళ్లకు దాదాపు అంతా వర్తిస్తుంది, అది ఈ కారు వారసురాలే కాబట్టి. అంబాసిడర్, హెరాల్డ్ ఉన్నవాళ్లకు కొలతలు మారతాయి, వెతికే పద్ధతి మారదు. ఒక్క షరతు: ఒకసారికి ఒకటే మార్చండి. నేను మొదటి రెండేళ్లూ ప్లగ్గులు, పాయింట్లు (కాయిల్‌కు కరెంటు కలిపి తెంచే చిన్న స్విచ్చు), కాయిల్ (ప్లగ్గుల్లో మెరుపుకు కావలసిన కరెంటు పుట్టించేది) అన్నీ ఒకేసారి మార్చేసేవాణ్ని. బండి నడిచేది. కానీ ఏది మార్చడం వల్ల నడిచిందో తెలిసేది కాదు. మళ్లీ ఆగితే మళ్లీ మొదటికే.

ఎండలో ఆగిపోతుంది, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది

పాత కార్ల వాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఎవరినడిగినా "పెట్రోలు ఆవిరైపోతోంది, ఏసీ పంపు మీద తడిగుడ్డ వెయ్యి" అంటారు. (ఏసీ పంపు అంటే ఎయిర్ కండిషనరు కాదు. ఇంజిన్ పక్కన ఉండే పెట్రోలు పంపును మన మెకానిక్కులు అలాగే పిలుస్తారు.) ఆ మాట సగమే నిజం. ఇంజిన్ వేడికి పైపులో పెట్రోలు ఆవిరైతే పంపు ఆవిరినే పీలుస్తుంది, కార్బురేటర్‌కు పెట్రోలు అందదు. తడిగుడ్డ వేస్తే పంపు చల్లబడి బండి కదులుతుంది. అయితే గుడ్డ తడిపే పదిహేను నిమిషాల్లో ఇంజిన్ మీద ఉన్నవన్నీ చల్లబడతాయి. అసలు జబ్బు వేరే చోట ఉన్నా నయమైనట్టే కనిపిస్తుంది.

కావలి దాటాక నాకు జరిగింది ఇదే. మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ గుడ్డ తడిపాను. నాలుగోసారి ఆగినప్పుడు ఒక టాక్సీ డ్రైవరు బండి పక్కన పెట్టి వచ్చాడు. "ఏంది సామీ, గుడ్డ తడిపింది చాల్లే. పాయింట్లు చూసినావా?" అని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది, పాయింట్లు ఉండేది దాంట్లోనే) మూత ఊడదీశాడు. సెల్ఫ్ కొట్టమన్నాడు. పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా వాటి మధ్య లావుపాటి మెరుపు చిటపటలాడుతోంది. "ఈడ మెరిస్తే ఆడ మెరవదు" అన్నాడు, ప్లగ్గులవైపు చూపిస్తూ. పాయింట్లు విప్పి అరచేతిలో పెట్టాడు. ఒకదాని మీద ఆవగింజంత గుట్ట, రెండోదాని మీద సరిగ్గా దానికి ఎదురుగా గుంట. కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపు రాకుండా చూసే చిన్న డబ్బీ) పోయిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కండెన్సర్ చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తుంది, వేడెక్కితే చేతులెత్తేస్తుంది. అచ్చం పెట్రోలు ఆవిరైన లక్షణమే.

కాబట్టి బండి ఆగిన వెంటనే, చల్లారకముందే, ఈ రెండూ చూడండి. మొదట కరెంటు. ఒక ప్లగ్గు వైరు లాగి, పిడికి రబ్బరున్న పటకారుతో పట్టుకుని, ఇంజిన్‌కు అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. టప్ టప్‌మని నీలం మెరుపు దూకితే కరెంటు బాగున్నట్టు. సన్నగా, పసుప్పచ్చగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే కండెన్సరో కాయిలో. కాయిల్ మీద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే దాన్నీ అనుమానించండి. ఆ తర్వాతే పెట్రోలు. కాయిల్ వైరు ఊడదీసి పక్కన పెట్టండి, లేకపోతే మెరుపూ పెట్రోలూ ఒకచోట కలుస్తాయి. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోలు ఎగిరెగిరి పడితే పంపు బాగానే ఉంది. నురగ, బుడగలు వస్తే అప్పుడు తడిగుడ్డ మాట నిజం. అసలేమీ రాకపోతే పంపు లోపల పెట్రోలును తోసే పొర, డయాఫ్రం, చిరిగింది, లేదా ట్యాంకులో చెత్త అడ్డుపడింది.

కండెన్సర్ అయితే కొత్తది వేసి, పాయింట్లు కూడా మార్చి, గ్యాప్ 0.45 మి.మీ. దరిదాపుల్లో పెట్టండి. ఆ గుట్టను ఎమరీ పేపరుతో అరగదీసి సరిపెట్టుకుంటే నెలకే మళ్లీ వస్తుంది. పెట్రోలు ఆవిరైతే పైపును సైలెన్సర్ గొట్టానికి దూరంగా తిప్పి, పంపుకూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న బేకలైట్ ప్యాకింగు సరిగా ఉందో లేదో చూడండి. తడిగుడ్డ ఇంటికి చేరడానికే. డిక్కీలో ఒక కండెన్సర్ ఎప్పుడూ ఉంచుకోండి. అరచేతిలో ఇమిడిపోయే వస్తువు, దానికోసం నెల్లూరులో ఒక రాత్రంతా పడుకున్నాను.

ముల్లు ఎర్ర గీత దాటుతోంది

ముందు తేలికవి చూడండి. ఫ్యాన్ బెల్టు వేలితో నొక్కితే ఒకటిన్నర సెంటీమీటరు కంటే ఎక్కువ లొంగకూడదు. రేడియేటర్ ముందు పురుగులు, ఎండుగడ్డి పేరుకుని ఉంటాయి. బోరు నీళ్లు పోసిన బండైతే లోపల ఉప్పు పేరుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి వేలు పెడితే గరుగ్గా తగులుతుంది. టైమింగ్, అంటే ప్లగ్గు మెరిసే సమయం, వెనక్కి జరిగినా ఇంజిన్ ఉడుకుతుంది, ఇది చాలామందికి తట్టదు. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలేది) తీసి పారెయ్యడం మన దగ్గర ఆచారం అయిపోయింది. నేనైతే పనిచేసేది పెట్టుకోమంటాను.

ఇవన్నీ బాగుండి ఉడుకుతుంటే హెడ్డు గ్యాస్కెట్టే, అంటే ఇంజిన్ బ్లాకుకూ దాని పై మూత హెడ్డుకూ మధ్య ఉండే ప్యాకింగే. ఉదయం చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్యండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్లలో మండిన గ్యాసు నీళ్ల దారిలోకి దూరినట్టు. ఆయిల్ మూత లోపల మజ్జిగ నురగలాంటిది కనిపిస్తే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి.

ఈ ఇంజిన్‌కు బ్లాకు కాస్ట్ ఐరన్, హెడ్డు అల్యూమినియం. రెండూ వేడికి ఒకేలా సాగవు. ఆ సంగతి తెలిసి కూడా తడ దగ్గర ఉడికిపోయిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోశాను, రేసుకు ఆలస్యమవుతోందన్న టెన్షన్‌లో. సుయ్‌మని ఆవిరి లేచింది, దాంతోపాటు నా రేసూ లేచిపోయింది. ఆటోనగర్‌లో మేస్త్రి గారు హెడ్డు బోర్లా పెట్టి, దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి, వెనక టార్చి వేశారు. స్కేలు కింద నడిమధ్య సన్నని వెలుగు గీత. "చూడు బాబూ, నీ తొందర ఎంత వెడల్పుందో" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు.

అలా వంగితే హెడ్డును చదును పట్టించాలి. కొత్త గ్యాస్కెట్ వేసి, నట్లు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ పూర్తిగా చల్లారాక మరోసారి చూసుకోవాలి. ఉడికిన బండిని మాత్రం నీడలో నిలిపి గంటసేపు ఊరుకోండి. టీ తాగండి, రెండోది కూడా.

మలుపులో ఇంజిన్ దగ్గుతోంది, లేదా ఆయిల్ లైటు మినుకుమంటోంది

ఇది రేసు జబ్బు. ఊళ్లో నడిపేవాళ్లకు ఎప్పటికీ రాకపోవచ్చు. రెండు లక్షణాలూ ఒకేచోట వస్తాయి కానీ ఒకటి కావు. పొడుగాటి మలుపులో ఇంజిన్ దగ్గి, నేరు రోడ్డు ఎక్కగానే సర్దుకుంటే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు ఒరిగి జెట్టుకు అందడం లేదన్నమాట. ఫ్లోట్ (గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలుడు డబ్బీ) మట్టం సరిచూడండి. అది తక్కువ బాధ.

ఆయిల్ లైటు మినుకుమంటే మాత్రం అక్కడికక్కడే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యండి. సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిలంతా ఒక పక్కకు ఎగబాకి, పంపు గాలి పీలుస్తోంది. నేను దాన్ని వైరు లూజు అనుకుని ఇంకో నాలుగు ల్యాపులు తిప్పాను. అయిదో ల్యాపులో కింద నుంచి టకటకా మొదలైంది. మేకు మీద చిన్న సుత్తితో కొట్టినట్టుంటుంది ఆ చప్పుడు, ఒకసారి వింటే మర్చిపోరు. బేరింగు పోయింది. ఆ ఏడాది కారు లారీ ఎక్కి ఇంటికొచ్చింది. మా నాన్నగారు గుమ్మంలో నిలబడి లారీనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

పరిష్కారం: సంపు విప్పి లోపల అడ్డు రేకులు వెల్డింగు చేయించడం, ఆయిల్ ఒక్కసారిగా పక్కకు పరిగెత్తకుండా. అర లీటరు ఎక్కువ పోస్తే చాలదా అని అందరూ అడుగుతారు. ఒక్క రేసుకు గట్టెక్కిస్తుందేమో గానీ దాని మీద భరోసా పెట్టుకోకండి.

బ్రేకు

కాలికి ఏం తెలుస్తోందో దాన్నిబట్టి సగం సంగతి తేలిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా బండి ఆగట్లేదు: డ్రమ్ములు వేడెక్కి, వాటిని లోపలి నుంచి ఒరిసే లైనింగులు పట్టు వదిలేశాయి. కాలిన వాసన కూడా వస్తుంది. రన్‌వే చివర నిండు వేగం మీద నుంచి మలుపుకు దిగేటప్పుడు నాలుగో ల్యాపు నుంచి ఇదే వరస. దీనికి మందు ముందుగా తొక్కడం, గేరు దించి ఇంజిన్‌తో ఆపుకోవడం, మంచి లైనింగులు వేయించడం. అన్నీ చేసినా డ్రమ్ము డ్రమ్మే.

పెడల్ దూదిలా మెత్తగా లోపలికి పోతోంది: లైనులో గాలి ఉంది, లేదా బ్రేక్ ఆయిల్ మరిగింది. ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చి గాలి తీయించండి. తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే, బయట ఎక్కడా కారకపోతే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను లైనులోకి నెట్టేది) వాషర్లు పోయాయి.

బండి ఎడమకు లాగుతోంది: చాలాసార్లు తప్పు కుడివైపు ఉంటుంది. ఎడమ బ్రేకు తన పని తాను చేస్తోంది, కుడిది చెయ్యట్లేదు. నేను పనిచేసే చక్రాన్ని రెండుసార్లు విప్పి చూశాక గానీ ఈ చిన్న విషయం బుర్రకెక్కలేదు.

చిన్నాచితకా

సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే వెంటనే బ్యాటరీ కొనకండి. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ కొసలు, ఎర్తింగు పట్టీ చేత్తో తాకి చూడండి. ఏది వేడిగా ఉంటే అక్కడ పట్టు సరిగా లేదు. విప్పి, గీకి, బిగించండి.

గేరు రెండోదానికి వెయ్యబోతే ఇంకెక్కడో పడుతోందా? గేరుబాక్సు విప్పమంటారు, వినకండి. ముందు స్టీరింగు కింది నుంచి వెళ్లే కడ్డీల బుష్షులు చూడండి. అరిగి వదులైతే లివరు ఒక మాట చెబుతుంది, బాక్సు ఇంకో మాట వింటుంది.

వాల్వు క్లియరెన్సు (వాల్వు కొసకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య సందు) పెట్టిన ప్రతిసారీ కొన్నాళ్లకే తగ్గిపోతోందా? మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పాత వాల్వు సీట్లకు ఆ సీసమే మెత్తలా పనిచేసేది. ఇప్పుడు సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. హెడ్డు ఎలాగూ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించేసుకోండి.

షెడ్డులో ఉంచిన కారు, తలుపు తీయగానే పెట్రోలు వాసన

ఇప్పుడు నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఎనభైల చివర్లో రేసు డ్రైవరు కరివర్ధన్ గారి ఫార్ములా మారుతి రేసు కార్లు వచ్చేసరికి వాటి పక్కన మా ఫియట్లు ఎడ్లబండ్లలా కనిపించాయి. 1990లో మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో అసలైన ట్రాక్ మొదలయ్యాక షోలవరం జనం జ్ఞాపకాల్లోనే మిగిలింది. 2023లో హుసేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్లు పరిగెత్తాయి, చూసి సంతోషించాను. వాసన లేని రేసు అది. నా కారు మాత్రం షెడ్డులో ఉంది, నెలకు రెండుసార్లు బయటికొస్తుంది. అలా ఉండే బండికి ఇప్పటి పెట్రోలే పెద్ద బెడద.

2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దానికి ఉబ్బి, మెత్తబడి, పగులుతాయి. పైపును వేళ్లతో నొక్కి వదలండి. బంక బంకగా అంటుకున్నా, వంచితే సన్నని చీలికలు కనిపించినా ఆ రోజే మార్చండి. మామూలు పైపు కాకుండా ఇథనాల్‌కు తట్టుకునే రకం అని అడిగి తీసుకోండి. డయాఫ్రం కూడా అదే రకం. ఏళ్ల తరబడి ట్యాంకులో పేరుకున్న తుప్పును, జిగురును కూడా ఇథనాల్ వదిలించేస్తుంది, కాబట్టి పంపుకు ముందు ఒక ఫిల్టర్ పెట్టి మొదటి రెండు నెలలూ కనిపెట్టుకుని ఉండండి. నా ఫిల్టర్ మొదటి వారంలోనే కాఫీ డికాక్షన్ రంగుకు మారింది.

నెల దాటి నిలిపి ఉంచేట్టయితే పంపు దగ్గర పైపు విప్పి, కార్బురేటర్‌లో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజిన్ తిరగనివ్వండి. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉంచి ఈ పని చెయ్యండి. విప్పిన పైపు కొసకు ఒక బోల్టు దూర్చి బిగించండి. నేను ఒకసారి మర్చిపోయాను. తెల్లారేసరికి సగం ట్యాంకు షెడ్డు నేల తాగేసింది.