పురిటికి అమ్మాయి వస్తోందా? వంటింట్లో ముందే చూసుకోవాల్సినవి

ఎనిమిదో నెల పడగానే ఉయ్యాల, దోమతెర, మెత్తటి పాత చీరలు అన్నీ సిద్ధమైపోతాయి. వంటింటి సంగతి మాత్రం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం గుర్తొస్తుంది. అప్పటికి హాల్లో చుట్టాలు, లోపల ఏడుస్తున్న పసిగుడ్డు, నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డ పిల్ల. శొంఠి డబ్బా ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మా ఇంట్లో రెండు పురుళ్లకు నేనే వండాను, అమ్మాయికి కాకినాడలో, కోడలికి హైదరాబాద్ ఫ్లాట్‌లో. మొదటిసారి తడబడ్డాను కాబట్టే రెండోసారి కాస్త తెలివిగా నడిచింది.

అన్నిటికంటే ముందు నీళ్ల గురించి చెప్పాలి. నా పురుడు 1992లో. పదకొండు రోజులు నాకు నీళ్లు గ్లాసు లెక్కన ఇచ్చారు. ఎక్కువ తాగితే నంజు చేస్తుందని, పొట్ట వేలాడిపోతుందని పెద్దవాళ్ల భయం. బిడ్డ పాలు పట్టగానే గొంతు ఎండిపోయేది. ఒక రాత్రి అందరూ పడుకున్నాక బాత్‌రూమ్ కుళాయి కింద దోసిలి పట్టి తాగాను. మా అమ్మకు ఈ సంగతి చివరిదాకా చెప్పలేదు. మా అమ్మాయి వచ్చినప్పుడు నేను కొన్న మొదటి వస్తువు లీటరు ఫ్లాస్కు. మంచం పక్కన, ఆమె చెయ్యి అందే చోట పెట్టాను. కాచి చల్లార్చినవో గోరువెచ్చనివో, ఏవైతేనేం, దాహమేసినన్ని తాగాలి. ప్రతిసారి పాలిచ్చేటప్పుడు ఒక గ్లాసు దగ్గరుంటే లెక్క దానంతటదే సరిపోతుంది. విరేచనం సాఫీగా అవడానికీ ఇదే మందు. కుట్లున్న పిల్లకు మలబద్ధకం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఇక పత్యం. పత్యం పేరుతో మనవాళ్లు చేసే తప్పు కారప్పొడి పెట్టడంలో లేదు, కారప్పొడి ఒక్కటే పెట్టడంలో ఉంది. మొదటి ముద్ద శొంఠిపొడి, నెయ్యి వేసుకుని తింటే కడుపుకు హాయిగానే ఉంటుంది. ఇరవై రోజులు అదే తింటే మాత్రం పిల్ల నీరసించిపోతుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలుకంటే రోజుకు 600 కిలోకాలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంటింటి లెక్కలో చెప్పాలంటే, మామూలుగా తినే భోజనం మీద ఇంకో మూడు ఇడ్లీలు, ఒక గుడ్డు, గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగలు, ఒక అరటిపండు. అరటిపండు తింటే బిడ్డకు జలుబు చేస్తుందనే మాట మీ ఇంట్లోనూ వినిపిస్తుంది. జలుబు చేసేది పండు వల్ల కాదు, జలుబుతో వచ్చి బిడ్డను ముద్దాడే చుట్టాల వల్ల. పెరుగు కూడా అంతే. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా పెట్టక్కర్లేదు, పొద్దున తోడుకున్న తియ్యటి పెరుగు మధ్యాహ్నం భేషుగ్గా పెట్టవచ్చు.

సిజేరియన్ అయితే ఇంకో గొడవ. పప్పు తింటే కుట్లు చీము పడతాయని కందిపప్పు బంద్, గుడ్డు బంద్. నిజానికి కోసిన చోట కండ అతుక్కోవాలంటే మాంసకృత్తులే కావాలి. డాక్టరు తినమన్న దగ్గర్నుంచి పెసరకట్టు, మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డు వరసగా మొదలుపెట్టండి. ఈ విషయంలో పెద్దవాళ్లతో వాదన ఆమె మంచం దగ్గర పెట్టుకోకండి. డిశ్చార్జ్ రోజు డాక్టరు నోటితోనే అత్తగారి ముందు చెప్పించేస్తే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. నేను చేసిన ఒకటి రెండు మంచి పనుల్లో ఇదొకటి.

పొడులన్నీ నెల ముందే కొట్టి పెట్టుకోండి. శొంఠిపొడి, వెల్లుల్లి కారం, ధనియాల కారం, నువ్వులపొడి, కరివేపాకు పొడి. రుచి కోసం కాదు ఈ తొందర. ఎండుమిరపకాయలు వేయించిన ఘాటు పసిబిడ్డ ఉన్న ఇంట్లో లేవకూడదు. మా కోడలి పురుడప్పుడు మర్చిపోయిన కారం ఒకటి తొమ్మిదో రోజున వేయించాను. ఫ్లాటంతా ఘాటు. తల్లికి తుమ్ములు, తుమ్మినప్పుడల్లా కుట్ల దగ్గర పోటు, బిడ్డ ఉక్కిరిబిక్కిరి. మావాడు కిటికీలన్నీ తెరిచి నన్నేమీ అనలేక ఊరుకున్నాడు. కూతురి పురిటికి అమెరికా వెళ్లే తల్లులకైతే ఈ ముందుచూపు రెట్టింపు అవసరం, అక్కడ మిరపకాయ పోపు కాస్త మాడితే చాలు పొగ అలారం మోగుతుంది. తీసుకెళ్లే పొడులు, కాయం ఏవైనా విమానాశ్రయంలో ఫారంలో రాసి చూపించాలి, దాచకండి.

కాయం సంగతి. శొంఠి, పిప్పళ్లు, మోడి (పిప్పలి వేరు), మిరియాలు, వాము దంచి, బెల్లం నెయ్యితో ముద్ద కట్టేది. ఉసిరికాయంత పొద్దున్నే తింటే ఒళ్లు వెచ్చగా ఉంటుంది, నోరు బాగుంటుంది. అయితే గర్భంతో ఉండగా షుగర్ వచ్చిన పిల్లకు ఈ బెల్లం ముద్ద రోజూ పెట్టకూడదు. కాన్పుతో షుగర్ పోయిందనుకుంటాం కానీ, ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజ్ తాగించి పరీక్ష చేయించాలి. అంతవరకూ కాయంలో బెల్లం తగ్గించండి, లేదా మానేయండి. బీపీ ఉన్నవాళ్లకు ఊరగాయలూ ఉప్పు చేపలూ ఇలాంటివే. దంచిన మసాలా రెండు చెంచాలు ఎక్కువైతే పాలు ఎక్కువ పడతాయనేం లేదు, కడుపులో మంట మాత్రం గ్యారంటీ.

పాల కోసం వండేవాటిలో నాకు నమ్మకమున్నది తెలగపిండి మునగాకు కూర. గోదావరి జిల్లాల్లో బాలింత ఉన్న ఇంట్లో ఈ వాసన రాకపోతే పురుడు పురుడులాగే ఉండదు. తెలగపిండి అంటే గానుగలో నువ్వుల నూనె తీయగా మిగిలిన చెక్క. జాగ్రత్తంతా కొనేటప్పుడే. పశువుల దాణా కొట్లో దొరికే చెక్క వద్దు. తినడానికని అమ్మే గానుగ చెక్క, ఈ మధ్య ఆడినది అడిగి తెచ్చుకోండి. విరిచి చూస్తే లోపల బూజు మచ్చలుండకూడదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనె కంపు కొట్టకూడదు. రెండింట్లో ఏది ఉన్నా పారేయండి, ఎండబెట్టి వాడదామనుకోకండి. మునగాకు ఈనెలు తీసి, కడిగి, కాస్త ఉప్పేసి తగినన్ని నీళ్లలో ఉడకనివ్వాలి. ఆకు మెత్తబడ్డాక, నీళ్లు ఇంకా తెర్లుతుండగా పొడి చేసిన తెలగపిండి పైన చల్లి, కలపకుండా మూతపెట్టి సన్నసెగన ఉంచాలి. పిండి నీళ్లన్నీ పీల్చుకుని పొడిపొడిగా విడుతుంది. అప్పుడు నువ్వుల నూనెలో మినప్పప్పు, ఆవాలు, ఒక్క ఎండుమిరపకాయ, దంచిన వెల్లుల్లి రెబ్బలు పదో పన్నెండో ఎర్రగా వేగాక కూరలో కలిపేయడమే. వేడన్నంలో నెయ్యేసి పెట్టండి. వెల్లుల్లి వాసన పాలలోకి వెళుతుంది. దానికి బిడ్డ మొహం తిప్పుకుంటుందేమోనని భయపడకండి, మా ఇద్దరు మనవలూ ఆ పాలే గుటగుటా తాగారు.

కూర ఎంత బాగా కుదిరినా పాలు పడేది బిడ్డ నోటి వల్లే. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు బిడ్డను పట్టిస్తే పాలు వాటంతట అవే ఊరతాయి. రెండో రోజుకే "పాలు లేవు" అని డబ్బా కొనేవాళ్లు చాలామంది. మొదట వచ్చేవి ముర్రుపాలు, చిక్కగా, పసుపుగా, చెంచాల్లో లెక్కపెట్టేటంతే ఉంటాయి. ఆ చిన్న పొట్టకు అంతే చాలు. ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లయినా గుడ్డ తడుపుతుంటే పాలు సరిపోతున్నట్టే.

సముద్రం పక్క ఊళ్లలో బాలింతకు సొరచేప పిట్టు పెట్టడం ఆనవాయితీ. ఇది రాయడానికి నాకే మనసొప్పడం లేదు, ఎందుకంటే కాకినాడలో మా వీధిలో సొర వండని పురుడు లేదు. అయితే సొర పెద్ద చేప, చిన్న చేపల్ని తిని బతికేది, అలాంటి చేపల ఒంట్లో పాదరసం పోగుపడుతుంది. పాలిచ్చే తల్లులు తినకూడని చేపల్లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ సొరను చేర్చింది. పాదరసం పాల ద్వారా బిడ్డకు చేరుతుంది. సొర బదులు చిన్నవి తెచ్చుకోండి. పచ్చి మెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు చింతపండు తగ్గించి, వెల్లుల్లి మిరియం వేసి పులుసు పెడితే సొరను ఎవరూ అడగరు. మా అమ్మాయైతే అడగలేదు. మా వియ్యపురాలు అడిగారు, అది వేరే సంగతి.

కూరగాయల్లో బీర, పొట్ల, ఆనపకాయ, లేత బెండ ఎలాగూ పెడతారు. ఆకుకూరల్ని మాత్రం "పైత్యం" అని పక్కన పెడతారు, పెట్టకండి. మాత్రల దగ్గర ఒక మెలిక ఉంది. ఐరన్ మాత్ర కాన్పు తర్వాత 180 రోజులు, కాల్షియం ఆరు నెలలు వాడమంటారు. రెండూ ఒకేసారి వేసుకుంటే ఒకదాన్ని ఒకటి ఒంటపట్టనివ్వవు. ఐరన్ పాలతోనో, కాఫీ టీలతోనో వేసుకున్నా వృథాయే. మేము కాల్షియం పొద్దున టిఫిన్ తర్వాత, సాయంత్రం పాలతో. ఐరన్ రాత్రి భోజనమయ్యాక నిమ్మరసం నీళ్లతో అని ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే పరగడుపునే వేసుకుని, మిగతా రెండిటికీ నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. అంగన్‌వాడీలో బాలింతలకు గుడ్లు, పాలు వస్తాయి, పేరు రాయించుకోవడానికి నామోషీ పడకండి.

ఇప్పుడు వంటింట్లోంచి బిడ్డ నోటికి వెళ్లేవి. ఒక్క మాటలో, ఏదీ వద్దు. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. తేనె నాకించడం మన దగ్గర శుభం, కానీ ఏడాది నిండని పిల్లల పేగుల్లో తేనెలోని కొన్ని క్రిములు విషం తయారుచేసి కండరాలను పనిచేయకుండా చేయగలవు. చక్కెర నీళ్లు, ఆముదం చుక్క, అరగదీసిన వసకొమ్ము, గ్రైప్ వాటర్, మంచినీళ్లు కూడా వద్దు. ఎండాకాలంలో కూడా వద్దు, తల్లిపాలలోనే నీళ్లు ఉంటాయి. పెద్దమ్మ ఎవరో తేనె వేలు పట్టుకుని వస్తే తల్లి కాదు, మీరు అడ్డుపడాలి. ఆమెకు ఆ ఓపిక ఉండదు.

వండినవాటి విషయంలో బద్ధకం పనికిరాదు. అన్నం రెండు గంటలకు మించి బయట ఉంచి, సాయంత్రం వేడి చేసి పెట్టడం ప్రమాదం. వండిన అన్నంలో పెరిగే కొన్ని క్రిముల విషం తిరిగి వేడి చేసినా పోదు. కొంచెం కొంచెంగా రోజుకు రెండుసార్లు వండండి. వండేవాళ్లకు విరేచనాలు, కామెర్లు, చేతి మీద చీముపుండు ఉంటే ఆ రోజుకు పొయ్యి ఇంకొకరికి అప్పగించండి. మరుగుతున్న కషాయం గిన్నెతో బిడ్డ పడుకున్న వైపు నడవకండి. సాంబ్రాణి వేస్తే తలుపులు, కిటికీలు మూయకండి. మూసిన గదిలో బొగ్గులు వదిలే విషవాయువుకు వాసన ఉండదు.

రాత్రి డబ్బా ఒకటి పెట్టండి. ఇది మా కోడలి ఆలోచన. రెండు గంటలకు బిడ్డ లేస్తే తల్లికి ఆకలి దంచేస్తుంది, వంటింటిదాకా నడవలేదు. నువ్వుల ఉండలు రెండు, వేయించిన శనగలు, ఖర్జూరాలు, ఒక చిన్న ఫ్లాస్కులో పాలు. పొద్దున డబ్బా ఖాళీగా ఉంటే రాత్రి బాగా గడిచిందని నాకు అర్థమయ్యేది.

కంచం కూడా అలాగే చూడండి. రెండు రోజులు వరసగా ముద్ద దిగకుండా కంచం తిరిగొస్తే కూరలో ఉప్పు సంగతి ఆలోచించకండి, పిల్ల మొహం చూడండి. నుదురు కాలుతోందా? 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గంటకో ప్యాడ్ తడిసే రక్తం, చూపు మసకబారేంత తలనొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి, వీటిలో ఏది ఉన్నా కషాయాలు వద్దు, 108కి ఫోన్ చేయండి. జ్వరం లేకుండానే తిండి మానేసి, బిడ్డ పడుకున్నా తాను నిద్రపోక, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే దిష్టి తగిలిందని ఉప్పు తిప్పేసి ఊరుకోకండి. కాన్పు తర్వాత వచ్చే దిగులు అది, దానికి వైద్యం ఉంది. డాక్టరు దొరక్కపోతే 14416కి ఫోన్ చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు. మా అమ్మాయి పన్నెండో రోజున అన్నం ముట్టలేదు. నేను కూరలు మార్చి మార్చి నాలుగు రోజులు పోగొట్టాను. ఆ తర్వాత డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. వచ్చిన సాయంత్రం ఏం తింటావే అని అడిగితే, "ఉత్త చారన్నం పెట్టమ్మా, నువ్వే కలిపి పెట్టు" అంది.